రోజూ మందు వేసుకోండి

చలికాలం మొదలైతే చాలు, ఢిల్లీలో ఏ బండి మీద చూసినా కిన్నూ పండ్లే. మన కమలాపండుకి చుట్టమే అనుకోండి, కాస్త పులుపెక్కువ. ఆ తొక్క వాసన తగిలిందంటే వసుంధర మేడమ్ వచ్చి ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుంది నాకు. ఆవిడ పోయాక ఇది రెండో చలికాలం.

సివిల్స్ రాసేద్దామని గుంటూరు నుంచి వచ్చి, బొక్కబోర్లా పడి, ఏ మొహం పెట్టుకుని ఇంటికెళ్ళాలా అని వసంత్ కుంజ్ అద్దెగదిలో మూలుగుతున్న నాకు ఉద్యోగమిచ్చిన మనిషి ఆవిడ. పెద్దల తాగుడు పిల్లలదాకా పాకకుండా ముందే ఆపడం ఎలాగని పరిశోధించే చిన్న సంస్థ ఆవిడది. మానాలనుకునేవాళ్ళు కుటుంబంతో వచ్చి మాట్లాడేవారు. తెలుగువాళ్ళు వస్తే పక్కన కూర్చుని మాట అందించడం నా పని. మేడమ్ కూడా తెలుగావిడే గానీ, పుట్టి పెరిగిందంతా సరోజినీ నగర్ ప్రభుత్వ క్వార్టర్స్‌లో. ఆవిడ తెలుగు నాన్నమ్మ దగ్గర నేర్చుకున్నది, నాన్నమ్మతోనే ఆగిపోయింది కూడా. అయినా నన్ను నోరెత్తనిస్తేగా! "నాకు తెలుగు రాదా ఏం?" అని దబాయింపొకటి.

ఆవిడకో పద్ధతి ఉండేది. ప్రశ్న అడిగేసి, తల వంచుకుని కిన్నూ ఒలుస్తూ కూర్చునేవారు. నాకేమో ఒళ్ళు మండేది. జవాబు రాబట్టాలి కదా మేడమ్ అంటే, "అరే బాబా, గుడ్లప్పగించి చూస్తుంటే ఎవరు చెప్తారు? నా కళ్ళు పండు మీద ఉంటే ఎదుటివాళ్ళకి కాస్త ఊపిరాడుతుంది" అన్నారు.

అశోకా రోడ్‌లో ఆంధ్రా భోజనం పెట్టే హోటల్లో వంటచేసే రమణ, భార్య లక్ష్మితో వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. ఈసారీ తాగుడు మానకపోతే పాపని తీసుకుని కాకినాడ వెళ్ళిపోతానని లక్ష్మి తెగేసి చెప్పింది. డాక్టరు రాసిచ్చిన మాత్రలేమో అతను సరిగ్గా వాడడం లేదు. మేడమ్ గంభీరంగా ముందుకు వంగారు.

"రమణగారూ, రోజూ మందు వేసుకోవాలి. ఒక్కరోజు కూడా మానకూడదు."

నేను నాలుక కరుచుకున్నాను. రమణ ఫక్కున నవ్వాడు. "మీరే వేసుకోమంటే ఇంకేం కావాలి మేడమ్‌గారూ!"

లక్ష్మి చివాలున లేచింది. "నా సంసారం మీకు నవ్వులాటగా ఉందా?"

గబగబా మేడమ్ చెవిలో సంగతి చెప్పాను. తాగుడు మీద అంత పనిచేసిన మనిషికి ఆ మాటకున్న రెండో అర్థం తెలీదంటే నమ్ముతారా? అంతా హిందీలోనే గడిచిపోయింది ఆవిడకి. మొహం ఎర్రబడింది. "కూర్చోమ్మా లక్ష్మీ, తప్పు నాది. మా ఇంట్లో మందంటే నాన్నమ్మ దగ్గు మందే" అని, రమణవైపు తిరిగారు. "మీ ఇంట్లో మందంటే ఏమిటండీ?" అనేసి కిన్నూ అందుకున్నారు.

అతని నవ్వు ఆగిపోయింది. మేడమ్ చేతిలో పండు తొక్క సగం ఊడివచ్చింది.

"మొన్న పాపకి జ్వరమొస్తే, మందు తెస్తానని లేచానండి" అన్నాడు. "వద్దు నాన్నా, మందు తేవద్దు అని నా కాళ్ళు పట్టేసుకుందండి."

లక్ష్మి మెల్లగా కూర్చుంది. మేడమ్ తొనలు విడదీసి ఇద్దరి చేతుల్లోనూ పెట్టారు.

ఆ వారమే మా సర్వే ప్రశ్నలన్నీ మార్చేశారు. "ఎంత తాగుతారని పెద్దవాళ్ళని అడిగే ముందు, మందంటే ఏమిటో వాళ్ళ పిల్లల్ని అడుగుదాం బేటా. ఆపాల్సింది అక్కడ" అన్నారు. రమణ రాత్రికి రాత్రే మారిపోలేదు. మధ్యలో జారాడు, సిగ్గుతో చితికిపోయి మళ్ళీ వచ్చాడు. చివాట్లు పెట్టబోతే, "వచ్చాడుగా, ఠీక్ హై" అని నన్నే గదమాయించారు. లక్ష్మి కాకినాడ వెళ్ళలేదు.

ఇప్పుడు ఆవిడ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. ప్రశ్న అడిగి కిన్నూ ఒలుస్తాను. ఇప్పటికీ చేతకాదు, రసమంతా చొక్కా మీదే. నిన్న రమణ రావాల్సిన రోజు, రాలేనని ఫోన్ చేశాడు. మళ్ళీ తాగాడేమో అనుకున్నాను. ఏమైందని అడిగాను.

"పాపకి జ్వరమండి. తనే నోరు తెరిచి, నాన్నా మందు తీసుకురా అందండి! తెచ్చాను. తాగి పడుకుందండి."

మేడమ్ ఉంటే ఎంత పొంగిపోయేవారో! నాకు ఏడుపొచ్చేసింది. ఆవిడ మాటే అడిగాను.

"రమణగారూ, మీరు రోజూ మందు వేసుకుంటున్నారా?"

అతను నవ్వాడు. "ఒక్కరోజు కూడా మానలేదండి."