పిల్లప్ప వాకిట్లో బండ్లు

హోసూరు బస్టాండు వెనక వీధిలో ఇల్లు కట్టుకున్నప్పుడు పిల్లప్ప మీసం మెలేశాడు. ఇంట్లో తుమ్మితే బస్సులో వినపడుతుందని గృహప్రవేశానికి వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. బంధువులు భోంచేసి, ఆ మాట జాగ్రత్తగా గుర్తుపెట్టుకుని వెళ్లారు.

బెంగళూరు కంపెనీలు చుట్టుపక్కల కుర్రాళ్లను రా రమ్మని పిలుస్తున్న రోజులవి. బేరిగై నుంచి, తళి నుంచి మోపెడ్ల మీద హోసూరు దాకా వచ్చి అక్కడ బస్సెక్కాలి. మరి బండి ఎక్కడ పెట్టాలి? సైకిల్ స్టాండులో పెడితే డబ్బులిచ్చుకోవాలి. పిల్లప్ప వాకిట్లో పెడితే ఎదురు కాఫీ ఇస్తారు. మొదట ఆయన చిన్నాయన కొడుకు వరదప్ప పెట్టాడు. తర్వాత వరదప్ప బామ్మర్ది, ఆ బామ్మర్దితో పనిచేసేవాడు, వాడి పక్కింటాయన. కొన్నాళ్లకు ఎవరు ఏ వరసో పిల్లప్పకే తెలియకుండా పోయింది. అయినా అందరూ “అన్నా” అనే పిలిచేవారు. ఆ పిలుపు చెవిన పడితే చాలు, పిల్లప్ప వెన్నలా కరిగిపోయి గేటు బార్లా తెరిచేవాడు.

చిక్కేమిటంటే, పిల్లప్పకూ ఒక స్కూటరుంది, సిప్‌కాట్ పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీ ఉద్యోగముంది. ముందురోజు సాయంత్రమే పెట్టినందువల్ల ఆయన స్కూటరు అన్నిటికంటే లోపల ఉండేది. దానికి అడ్డంగా బండ్లు హ్యాండిల్ లాకులు వేసుకుని నిలబడేవి. తాళంచెవులు మాత్రం జేబుల్లో కూర్చుని బెంగళూరు పోయేవి. ఆలస్యంగా వచ్చాడని రెండుసార్లు ఫ్యాక్టరీ గేటు నుంచే వెనక్కి పంపేశారు. ఇంకోసారి లేటైతే అసలు రానక్కర్లేదని సూపర్‌వైజరు తేల్చి చెప్పాడు.

“వాళ్లకు చెప్పయ్యా,” అంది భార్య గంగాభవాని.

“ఎట్ల చెప్పేదే? మనోళ్లు కదా. ఏమనుకుంటారో ఏమో!”

మొహమాటానికి పోతే కడుపైందని పెద్దలు ఊరికే అన్నారా?

గంగాభవాని మరునాడు తానే గేటు దగ్గర నిలబడింది. “బీగంచెవి ఇచ్చి పోండప్పా, బండ్లు జరిపేదానికి,” అంది నవ్వుతూ. అందరూ ఇచ్చారు. ఆ రోజంతా బండ్లు ఊరు చూశాయి. వరదప్ప మోపెడ్ మీద గ్యాస్ సిలిండరు వచ్చింది. తళి నుంచి వచ్చే శేషప్ప కొత్త మోటారుసైకిలు మీద ఎదురింటి శ్రీరంగప్ప తళికి పోయి రెండు మేకపిల్లల్ని తెచ్చుకున్నాడు. కొడుకు బండి మీద మేకలు ఊరేగడం తళిలో శేషప్ప తల్లి కళ్లారా చూసింది.

సాయంత్రం సీటు మీద పెంటికలు చూసి శేషప్ప నోరు తెరవబోయాడు.

“మనోళ్లు కదా, నువ్వేమీ అనుకోవులే అని ఇచ్చినాను శేషప్పా,” అంది గంగాభవాని.

పాపం, శేషప్పదీ మొహమాటమే. ఏమీ అనుకోలేదు. మరునాడు రాలేదు, అంతే. వారం తిరిగేసరికి వాకిలి ఖాళీ అయింది. పిల్లప్ప సైరను మోగకముందే ఫ్యాక్టరీ చేరసాగాడు.

ఆ ఆదివారం బేరిగైలో నామకరణానికి పోతే బంధువులు పిల్లప్పను చుట్టుకున్నారు. “నువ్వు బంగారమప్పా! మీ ఇంటామెదే మనసు చిన్నది,” అన్నారు. పిల్లప్ప కాదనలేదు. “ఏం చేసేదప్పా, నా చేతిలో ఏముంది!” అని నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పు ఆడవాళ్ల బంతి దాకా వినపడింది. గంగాభవాని చేతిలోని ముద్ద విస్తట్లోనే పెట్టేసింది. లోకం గయ్యాళి అంటే నవ్వి ఊరుకునేది. ఎవరి ఉద్యోగం కోసం ఆ పేరు మోసిందో అతనే తనను వాళ్ల నోటికి అప్పజెప్పేస్తే ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున్నే వరదప్ప మోపెడ్ పట్టుకుని గేటు బయట నసుగుతున్నాడు. “అన్నా, వదిన ఉందా?”

గంగాభవానే వచ్చి గేటు తెరిచింది. “నేనేమీ అననప్పా. మీ అన్న ఈడనే ఉండాడు. పెట్టమంటే పెట్టు, వద్దంటే పో.”

పిల్లప్ప భార్యను చూశాడు, తమ్ముణ్ణి చూశాడు. ‘వద్దు’ అనే మాట ఆయన పుట్టి బుద్ధెరిగాక పెళ్లాంతో తప్ప ఎవరితోనూ అన్నది లేదు. గొంతు సవరించుకున్నాడు.

“పెట్టు వరదప్పా,” అన్నాడు. మోపెడ్ స్కూటరుకు అడ్డంగా నిలబడి హ్యాండిల్ లాకు వేసుకుంది.

గంగాభవాని లోపలికి పోయి అన్నం క్యారియరు తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది.

“ఇంగ నడిచి పో,” అంది.