ఆయ్ అన్నారమ్మా

రాయబారం నడపడం గొప్ప పని అంటారు. నాకు మాత్రం ఆ మాట వింటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తొంభైల్లో, మా ఉప్పలగుప్తం వైపు రొయ్యల చెరువులు కొత్తగా తవ్వుతున్న రోజులు. మా ఆయన పోయి ఏడాది కాలేదు. నాకున్నది అరెకరం చేను. దాని పక్కనే ఒకాయన చెరువు తవ్వి ఉప్పునీళ్ళు పెట్టాడు. ఆ నీరు గట్టు కింద నుంచి ఊటగా నా నారుమడిలోకి వస్తోంది. నారు కొసలు ఎండిపోతున్నాయి. నారు పోతే ఊడ్పు లేదు, ఏడాది పొడుగునా ఇంట్లో గింజ లేదు.

ఆడదానివి, నువ్వెళ్ళి అరిస్తే బాగోదని మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, తాను మాట్లాడతానన్నారు. వెళ్ళారు. కాఫీ తాగి వచ్చారు.

“ఏమన్నారండీ?”

“ఆయ్ అన్నారమ్మా.”

నాలుగు రోజులు చూశాను. గట్టు దగ్గర పార పడలేదు. మళ్ళీ వెళ్ళారు. మళ్ళీ కాఫీ, మళ్ళీ ఆయ్. ఆయన కడుపు నిండింది గాని నా నారు సగం మాడింది.

మూడోసారి నా మడిలో నీళ్ళు చెంబుతో ముంచుకుని నేనూ వెనకాలే వెళ్ళాను. ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. కాఫీలయ్యాయి, మోకాళ్ళ నొప్పులయ్యాయి, కొబ్బరి దింపు అయింది, మస్కట్‌లో అల్లుడి కబుర్లయ్యాయి. లేవబోతూ మా బావగారు, “మరి మా మరదలి చేను సంగతి కూడా కాస్త...” అని నసిగారు.

“ఆయ్,” అన్నాడాయన.

అదీ రాయబారం! దానికి మూడు కాఫీలు!

“అన్నయ్యగారూ, ఆయ్ అంటే సరేననాండీ, విన్నాననాండీ?” అని అడిగేశాను.

“ఆయ్,” అన్నాడు మళ్ళీ.

గుమ్మంలో నిలబడ్డ ఆయన భార్య చేతిలో చెంబు పెట్టాను. “వదినగారూ, ఇవి మీ చెరువులోంచి నా మడిలోకొచ్చిన నీళ్ళు. ఇంకో కాఫీ వీటితో పెట్టండి. అందరం తాగుదాం.”

ఆవిడ నా మొహంలోకి చూసి, చెంబు పట్టుకుని లోపలికెళ్ళింది. కాసేపటికి గిన్నె తెచ్చి భర్త ముందు పెట్టింది.

“ఉప్పుకి పాలు విరిగిపోయేయండి. మన చెరువు నీళ్ళేనంట. తాగండి.”

ఆయన గిన్నెలోకి చూశాడు. ఈసారి ఆయ్ అనలేదు. “రేపు పొద్దున్నే మనుషుల్ని పెట్టి మధ్యలో బోదె తవ్వించి ఆ నీళ్ళు పక్కకి మళ్ళించేత్తానమ్మా,” అన్నాడు. తవ్వించాడు కూడా. మిగిలిన నారు బతికింది. సగం చేనే ఊడ్చాను.

ఆ రోజు తిరిగొస్తుంటే దారిలో మా బావగారు కండువా దులిపి భుజాన వేసుకున్నారు. “చూసేవా అమ్మా, మాట పద్ధతిగా చెబితే ఎవరైనా వింటారు.”

ఏమనను? పెద్దవారు.

“ఆయ్,” అన్నాను.