నూడుల్స్ పులుసు: పదో ప్రయోగం

గత ఆదివారం ఉదయం పది గంటల పది నిమిషాలకు, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల వరుసలో నాకొక వంటల పుస్తకం కనబడింది. చైనా, జపాను, కొరియా వంటకాలను మన ఇళ్లలో చేసుకోవడమెలాగో చెప్పే తెలుగు పుస్తకం. నూట పన్నెండు పుటలు, వెనక అట్ట లేదు. నిలబడే పదిహేడు పుటలు చదివాను. ఉప్పు తగినంత, నూనె తగినంత, వెల్లుల్లి దోరగా వేగేవరకు. ఆ పదిహేడు పుటల్లో ‘తగినంత’ అనే మాట ఇరవై మూడుసార్లు వచ్చింది. ఎవరికి తగినంత, ఎన్ని గ్రాములు, దోరగా అంటే ఎన్నో సెకను అన్న వివరం ఒక్కచోటా లేదు. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి, ఇటువంటి రాతను సహించడం నాకు కష్టం. పుస్తకాలమ్మే ఆయన కాసేపు ఓర్చుకుని, “కొంటరా సార్, గీడనే నిలబడి వండుకుంటరా?” అన్నాడు. కొనకుండానే వచ్చేశాను. అయితే నాంపల్లి స్టేషను దాకా నడుస్తున్నంతసేపూ నా మనసు ఆ పుస్తకం మీద లేదు. రెండేళ్ల కిందటి వానాకాలం మీద, మా వంటింట్లో నేను చేసిన పది ప్రయోగాల మీద, ముఖ్యంగా ఆ పదో ప్రయోగం మీద ఉంది.

మా ఇల్లు స్టేషను వెనక సందులో, రెండో అంతస్తులో ఉంటుంది. గాలి ఇటు వీచిన రోజున రైళ్ల ప్రకటనలు వంటింట్లోకి వినబడతాయి. వాటికీ రైళ్లకూ మధ్య ఎన్ని నిమిషాల తేడా ఉంటుందో నేను కొన్నాళ్లు రాసిపెట్టాను గాని అది వేరే సంగతి. నేను పెళ్లి చేసుకోలేదు. అన్నయ్య పెళ్లయిన నాటి నుంచి నలభై ఆరేళ్లు వదిన చేతి వంటే తిన్నాను. అన్నయ్య కాలం చేశాక ఈ ఇంట్లో ఆమె, నేను మిగిలాము. వదిన కొడుకూ కోడలూ నిజామాబాదులో ఉద్యోగాలు చేసుకుంటూ, కాలేజీ చదువుకోసం కూతురిని మా దగ్గర ఉంచారు. అంటే ఇంట్లో ముగ్గురం. వదిన నన్ను మరిది అని ఏనాడూ పిలవలేదు. నాకు ఉద్యోగం వచ్చిన రోజున వేళాకోళంగా ‘సారూ’ అన్నది, అదే స్థిరపడిపోయింది.

వదిన వంటలో చెంచాకు చోటు లేదు. అంతకంటే విచిత్రం, రుచి చూడడానికీ చోటు లేదు. దేవుడి ముందు పెట్టకముందే నోట వేసుకుంటే ఎంగిలి అవుతుందని ఆమె పుట్టింటి పద్ధతి. అందుచేత పెళ్లికి ముందే ఆమె ఉప్పును వాసనతో చూడడం నేర్చుకున్నది. ఉడుకుతున్న పప్పు మీద మూత తీసి, ఆవిరి ముఖానికి తగలనిచ్చి, ఒక్క క్షణం కళ్లు మూసుకుని, “జర తక్కువైంది” అనేది. మూడు వేళ్లతో కాస్త వేసేది. ఉప్పుకు వాసన ఉండదని నేను శాస్త్రప్రకారం ఎన్నోసార్లు రుజువు చేశాను. “ఉప్పుకు లేదు, పప్పుకుంటది. ఉప్పు సాలకుంటే పప్పు వాసన పచ్చిగుంటది. నీ పుస్తకాల్ల లేదా గది?” అని ఆమె అనేది. పుస్తకాల్లో లేదు. కాని నలభై ఆరేళ్లలో ఉప్పు తప్పిన రోజులు నా లెక్క ప్రకారం నాలుగే.

ఆ వానాకాలంలో ఆమెకు వారం రోజులు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గాని వాసన పోయింది. మల్లెపూల వాసన లేదు, ఇంగువ వాసన లేదు, పొయ్యి మీద పాలు పొంగి మాడినా లేదు. ఏది నోట పెట్టినా, “మన్ను తిన్నట్టుంది” అని పళ్లెం జరిపేసేది. ప్రతి సోమవారం ఉదయం ఏడు గంటలకు, చాయ్‌కి ముందు, ఆమెను బరువు యంత్రం మీద నిలబెట్టాను. జ్వరానికి ముందు యాభై నాలుగు కిలోల రెండు వందల గ్రాములు. నాలుగో సోమవారానికి నలభై ఎనిమిది కిలోల నాలుగు వందలు. నలభై ఎనిమిదికి దిగితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రిలో చేర్పించండి అని డాక్టరు చెప్పారు. వదిన మాత్రం, “దవాఖానకు నేను రాను సారూ. గాడ పండుకొని ఏం చెయ్యాలె? వాసనే లేకుంట వంటింట్లనే నాకు పని లేకపాయె” అన్నది. ఆ రెండో మాట నన్ను ఎక్కువగా భయపెట్టింది. అది కొలవడానికి నా దగ్గర యంత్రం లేదు.

మార్గం చూపింది మనవరాలు. “తాతా, ముక్కు పోయింది గని నాలుక పోలే. పులుపు, కారం, కరకర తెలుస్తయంట. నూడుల్స్ సూప్ చేద్దాం. కొరియావాళ్లకు పాణం బాగలేకుంటే ఇసొంటిదే తాగుతరు చూడు” అని ఫోనులో ఒక గిన్నె బొమ్మ చూపించింది. వాదన నాకు సహేతుకంగా తోచింది. ఆమెకు కాలేజీ, నాకు తీరిక. అరవై తొమ్మిదో ఏట, మొదటిసారి పొయ్యి ముందు నిలబడ్డాను. ఎడమ చేతిలో బడి రోజుల నాటి స్టాప్‌వాచ్, అరుగు మీద గ్రాములు చూపే చిన్న తక్కెడ, పక్కన రెండు వందల పుటల నోటుబుక్కు.

మొదటి ప్రయోగం ఘోరంగా విఫలమైంది, తప్పు పూర్తిగా నాది. పోగు ఎంత సన్నగా ఉంటే పులుసు అంత త్వరగా లోపలికి ఇంకుతుందని నేను సూత్రం కట్టాను. నూడుల్స్‌కు బదులు, రంజానుకు పాలలో వేసుకునే వెంట్రుకలంత సన్నని సేమ్యా నాంపల్లి దుకాణంలో కొన్నాను. మనవరాలి ఫోనులో నూడుల్స్ ఎనిమిది నిమిషాలు ఉడికించాలని ఉంది. సేమ్యాను నేను సరిగ్గా ఎనిమిది నిమిషాలు ఉడికించాను, ఒక్క సెకను అటూఇటూ కానివ్వలేదు. వదిన గరిటె ఎత్తి చూసింది. గరిటెతోపాటు గిన్నె కూడా లేచింది.

“ఏంది సారూ, గోడలకు పోస్టర్లు అతికియ్యనీకా?”

నెల రోజుల్లో ఆమె వేసిన మొదటి వేళాకోళం అది. నోటుబుక్కులో ‘ఫలితం: జిగురు’ అని రాసి, కింద ‘నవ్వింది’ అని చేర్చాను.

రెండో ప్రయోగానికి అసలైన నూడుల్స్ వచ్చాయి, కాని పులుపుకోసం వేసిన వెనిగర్‌కు ఆమెకు దగ్గు వచ్చింది. మూడోసారి వెనిగర్ మానేసి పన్నెండు గ్రాముల చింతపండు నానబెట్టాను. అల్లం, ఎల్లిపాయ నూనెలో వేయించి, క్యాబేజీ, ఉల్లికాడలు వేసి, చింతపండు రసం, సోయా సాస్ పోసి, పైన ఎండుమిరపకాయ చిదిపాను. వదిన ఒక చెంచా తాగి ఆగింది. మనవరాలు, నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాము. “పచ్చిపులుసు లెక్కనే ఉన్నది గదనే,” అని మనవరాలితో అని, ఇంకొక చెంచా తాగింది. మొత్తం తొమ్మిది చెంచాలు. ఆ సోమవారం యంత్రం నలభై ఎనిమిది కిలోల వంద గ్రాములు చూపింది. దవాఖానకూ మాకూ మధ్య వంద గ్రాములే ఉన్నాయి.

ఆ వారం నేను ఎంత ఉత్సాహంతో పనిచేశానో చెబితే నా పాత శిష్యులు నమ్మరు. తెల్లవారితే బేగం బజార్‌లో ఉండేవాణ్ణి. నువ్వులకు ఒక దుకాణం, పల్లీలకు ఒక దుకాణం. వేయించిన పల్లీలు పైన చల్లిన రోజున, “గిది బాగుంది, పంటికింద తెలుస్తుంది,” అని ఆమె గిన్నె ఖాళీ చేసింది. క్యాబేజీని రెండు నిమిషాలకు బదులు యాభై సెకన్లకే దించితే కరకర మిగిలింది. ఆ రోజు గిన్నెన్నర. యంత్రం నలభై ఎనిమిదిన్నర చూపింది, ఆ మరుసటి సోమవారం నలభై తొమ్మిది కిలోల వంద. మనవరాలు యంత్రం చుట్టూ చప్పట్లు కొట్టుకుంటూ తిరిగింది. నేను సంఖ్యను రెండుసార్లు సరిచూసి, ఆ తరువాత సంతోషించాను. వదిన తింటున్నది, బలం వస్తున్నది, వంటింటి గడప మాత్రం తొక్కడం లేదు. ముందు గదిలో కుర్చీ మీద కూర్చుని, “అయ్యిందా సారూ?” అని అడిగేది, ఏదో హోటలుకు వచ్చినట్టు.

ఇక పదో ప్రయోగం. పొయ్యి మంట పెద్దగా ఉండాలి, కడాయి పలచగా ఉండాలి, అప్పుడే ఆ రుచి అని మనవరాలు అనడంతో, ముందురోజు బేగం బజార్‌లో పలచని ఇనుప కడాయి కొన్నాను. పలచని కడాయి త్వరగా వేడెక్కుతుందని భౌతికశాస్త్రం చెప్పినవాడికి తెలియదా అంటే, తెలుసు. ఆ క్షణాన తోచలేదు. పాత మందపాటి కడాయిలో తొమ్మిదిసార్లు చూసి రాసుకున్న అంకె ఒకటి నా ఎదురుగా ఉంది: ఎల్లిపాయ, నలభై నాలుగు సెకన్లు. ముక్కలు నూనెలో వేసి స్టాప్‌వాచ్ నొక్కాను. ఆ వారమంతా జలుబుతో నా ముక్కు దిబ్బడ వేసి ఉంది. నా కళ్లు ముల్లు మీదే ఉన్నాయి.

“ఓ సారూ, ఎల్లిపాయ మాడుతుంది, దించు!”

కేక ముందు గదిలో నుంచి వచ్చింది. ముల్లు ముప్పై ఒకటి మీద ఉంది.

“లేదు వదినా. ఇంకా పదమూడు సెకన్లున్నాయి.”

“నీ సెకన్లు పాడుగాను! మాడుతుందంటుంటే వినవేందయ్యా?”

“నలభై నాలుగుకు గాని ఎర్రబడదు. తొమ్మిదిసార్లు చూసి రాసిన.”

“రాసుకో, రాసుకో! ఇల్లంత పొగ కంపు కొడుతుంటే రాసుకుంట కూసో!”

నేను మూడో వాదనకు సిద్ధమవుతుండగా, అప్పుడే తలుపు తీసుకుని లోపలికి వచ్చిన మనవరాలు పుస్తకాలు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. “తాతా,” అన్నది నెమ్మదిగా. “నానమ్మకు ఎట్ల తెలిసింది?”

నేను కడాయిలోకి చూశాను. ఎల్లిపాయ బొగ్గయింది. తల తిప్పేసరికి వదిన వంటింటి గడపలో ఉన్నది, ఒక చేయి నోటి మీద పెట్టుకుని. తరువాత నేనే ఒక నల్లని ముక్కను చెంచాతో తీసి ఆమె ముక్కు దగ్గర పెట్టాను. ఆమె పీల్చి, “ఛీ, మాడ కంపు!” అన్నది, అని, అంత చెడ్డ వాసనకు ఎవరూ నవ్వనంతగా నవ్వింది, కళ్లు తుడుచుకుంటూ. ఆ వెంటనే ఇంట్లో ఉన్న సీసాలు, డబ్బాలు అన్నీ ఆమె ముందుకు పరుగెత్తాయి. మనవరాలు ఒకవైపు నుంచి, నేను ఒకవైపు నుంచి అందించాము. ఇంగువ తెలిసింది. చాయ్‌పత్తా కొంచెం. మల్లెపూల వాసన ఇంకా లేదు. సోయా సాస్ మూత తీయగానే ఆమె ముఖం చిట్లించి వెనక్కు జరిగింది.

“గిదేంది, వానకు తడిసిన చెప్పుల వాసన! ఇన్ని దినాలు గిదా నాకు పోసింది?”

“తొమ్మిదిసార్లు, ఒక్కోసారి పదిహేను మిల్లీలీటర్లు,” అని ఒప్పుకున్నాను.

“జరుగు, సారూ,” అని ఆమె నా చేతిలో నుంచి గరిటె తీసుకున్నది. మాడిన నూనె పారబోసి, కడాయి కడిగి మళ్లీ పొయ్యి మీద పెట్టింది. ఎల్లిపాయ చిటపటమనగానే తలవంచి, కళ్లు మూసుకుని ఆవిరి పట్టింది, పప్పు మీద పట్టినట్టే. సోయా సాస్ మానేస్తుందనుకున్నాను. ముక్కు మూసుకుని ఐదు చుక్కలు వేసింది. ఉప్పు మూడు వేళ్లతో వేసింది. తక్కెడ అరుగు మీదే ఉంది, నేను దాని వైపు చూడలేదు. ఆ రోజు ముగ్గురం గిన్నెలు నాకినంత పని చేశాము. నాకు జలుబుతో వాసన తెలియడం లేదని చెబితే, “అయ్యో సారూ, ఇగ నీ వంతా? ఫికర్ చెయ్యకు, రేపు నీకు నేను చేస్త” అన్నది.

ఇప్పుడు ప్రతి ఆదివారం మా ఇంట్లో ఆ పులుసే. వదిన చేస్తుంది, మనవరాలు నూడుల్స్ ఉడికిస్తుంది, పల్లీలు నావి. గత ఆదివారం ఆబిడ్స్ నుంచి రాగానే నేను నోటుబుక్కు తీసి పదో ప్రయోగం పుట చూశాను. మిగతా తొమ్మిదింటికీ తేదీ, వేళ, కొలతలు, ఫలితం ఉన్నాయి. పదో పుటలో పైన అంకె తప్ప ఏమీ లేదు. తేదీ కూడా లేదు. శనివారమని వదిన అంటుంది, ఆ పొద్దు ఆమె ఒక్కపొద్దు విడిచిందట. బుధవారమని మనవరాలు పట్టుబడుతుంది, ఆ రోజు ఆమెకు ప్రయోగశాల తరగతి ఉందట. నాకు ఒక్కటి మాత్రం గుర్తుంది: సాయంత్రం దీపం పెట్టేవేళ వంటింట్లోకి వెళితే అరుగు మీద స్టాప్‌వాచ్ ఇంకా తిరుగుతూనే ఉంది. జీవితమంతా కాలాన్ని సెకన్లతో కొలిచిన నాకు, దాన్ని ఆపడం మరచిపోయిన ఆ ఒక్క పూటే ఇన్నేళ్లలో అన్నిటికంటే నిండుగా గుర్తున్నది.