ఒళ్ళో క్రిస్మస్ చెట్టు

ఒక డిసెంబరులో, పరాయి దేశంలో మేముండే హెండర్సన్ ఊరికి వెళ్ళే బస్సులో నాతోపాటే పెద్దవయసు తెలుగు దంపతులు ఎక్కారు. క్రిస్మస్ చెట్లు పెంచే తోటకెళ్ళి తామే కోసి తెచ్చుకున్న చిన్న చెట్టును అంకుల్ ఒళ్ళో పెట్టుకున్నారు. బస్సు కదలగానే కంగారుగా లేచారు.

"పాపని అక్కడే వదిలేశాం! ప్రతి ఏడూ చెట్టు సెలెక్ట్ చేసేది అదే కదా. బస్ ఆపమను!"

"అది ముందు బస్సులో వెళ్ళిందండీ," అంది ఆంటీ. ఆయన నమ్మక వెనక్కి తిరిగి రోడ్డుకేసి చూస్తుంటే, ఆవిడ నాతో మెల్లగా, "పాప పోయి చాలా ఏళ్ళయింది బాబూ. ఈయనకి గుర్తుండదు," అంది.

అంతలో ఆయన నన్నడిగారు. "నువ్వు చూశావా బాబూ?"

"చూశానంకుల్. ముందు బస్సెక్కింది."

ఆయన నెమ్మదిగా కూర్చున్నారు. "సీటు దొరికిందా దానికి?"

"దొరికిందంకుల్, కిటికీ పక్కన."

హెండర్సన్ వచ్చేదాకా ఆంటీ కళ్ళు తుడుచుకుంటూనే ఉంది, నా వైపు చూడలేదు.