ప్రార్థనతో మొదలుపెట్టిన లైవ్

ముత్తుకూరులో నా పరువు ఎలా పోయిందో చెబుతాను. మీరు నవ్వినా నేనేమీ అనుకోను, మా సంఘంవాళ్లు నవ్వీ నవ్వీ నాకు అలవాటు చేశారు.

నేను రొయ్యల పచ్చడి చేసి అమ్ముతాను. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గేటు దగ్గర బాగానే పోయేది. పోయి పోయి విశ్వాసులందరి ఇళ్లలోనూ నా సీసాలే నిండిపోయాయి. ఇక కొత్త నోళ్లు దొరక్కపోతే పొయ్యి ఆర్పేసుకోవాల్సిందే. ఫోన్‌లో పేజీ పెట్టాను గానీ, అందులో పచ్చడి ఉండేది, గరిటె ఉండేది, గరిటె పట్టుకున్న చెయ్యి ఉండేది, మనిషి ఉండేది కాదు. "అసలు మనిషున్నారా, మోసమా?" అని అడిగేవారు. ముఖం చూపిస్తే మా సంఘంలో అక్కలు "సుజాతకు షోకులెక్కువైనాయి" అంటారని నా భయం. చర్చిలో సాక్ష్యం చెప్పమంటే మైకు వదలనిదాన్ని, ఫోను ముందు మాత్రం గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టు నిలబడేదాన్ని.

చివరికి ఒక శనివారం తెగించి, మా తోడికోడలు సునీత చేతికి ఫోనిచ్చాను.

"లైవ్ పెట్టాల. ప్రార్థనతో మొదలుపెడదాం," అన్నాను.

"అట్నే అక్కా."

ఇందులో తప్పేముందో మీరే చెప్పండి. మా ఇళ్లలో పుట్టినరోజైనా, కొత్త బండైనా ప్రార్థన లేనిదే మొదలవదు. చెంగు నెత్తిన వేసుకుని కళ్లు మూసుకున్నాను. దేవుడి దగ్గర నాకు దాపరికాలు లేవు.

"తండ్రీ, నాకు వణుకు పుడతా ఉండాది. ధైర్యమియ్యి. మొన్నటి పచ్చట్లో ఉప్పెక్కువైపోయింది, నీకు తెలుసు. పాస్టరమ్మకిచ్చిన సీసా అదే. ఆమె రుచి చూసేలోపు అదెట్టన్నా పగిలిపోయేట్టు చెయ్యి తండ్రీ. మార్తమ్మక్క నోటికి తాళమెయ్యి..."

ఇలా సంఘంలో ఒక్కొక్కరినీ పేరుపేరునా దేవుడికి అప్పజెప్పి, ఆమెన్ అని కళ్లు తెరిచాను.

"ఇప్పుడు నొక్కు," అన్నాను.

"ఎప్పుడో నొక్కినా గదక్కా. ప్రార్థనతో మొదలుపెడదామంటివి."

"చూసేవాళ్లు ఎవురన్నా ఉండారా?"

"సంఘం గ్రూపులో లింకు పెట్టినా. అందురూ ఉండారు. నువ్వు పేరు చెప్పేకొద్దీ ఆమెన్ పెట్టినారు."

సిగ్గుతో చచ్చిపోయాను. సునీత మాత్రం తాపీగా చదువుతూనే ఉంది.

"పాస్టరమ్మగారు పెట్టినారు. సీసా పగల్లేదంట, మజ్జిగన్నంలోకి బాగుందంట. మార్తమ్మక్క తాళం తర్వాత సంగతి, ముందు సీసా పంపమంటా ఉంది. సూళ్లూరుపేట నుంచి ఎవురో కొత్తామె, మనిషుంది, నిజమే చెప్తా ఉంది, ఉప్పు తక్కువది పంపమని రాసింది."

విచిత్రం ఏమిటంటే ఆ రోజుతో నా భయం పోయింది. దాచుకోవడానికి ఇంకేం మిగిలింది గనక. ఇప్పుడు దర్జాగా ముఖం చూపిస్తూనే లైవ్ పెడుతున్నాను.

అయితే దేవుని సన్నిధిలో ఒక తీర్మానం చేసుకున్నాను. ఇకమీదట ఇంట్లో ఫోను ఉన్నంతకాలం ఒక కన్ను తెరిచే ప్రార్థన చేస్తాను. ఆయనేమీ అనుకోడు, ఆ లైవ్ ఆయనా చూశాడు.