గుమ్మడికాయ కొట్టినాము, బస్సు పోయింది

ఇంకమీదట పొద్దున పూట "ఏడికి సరోజా బయల్దేరినావు?" అని మాత్రం నన్ను అడగొద్దండి. నేను చెప్పే జవాబుకి మీకు టీ గొంతులో అడ్డం పడతాది. అంతా నా తెలివి వల్లనే జరిగింది, అది ముందే చెప్పేస్తా ఉండా.

మీకు తెలుసు కదా, వాషర్‌మెన్‌పేట్‌లో అద్దె ఇల్లు ఖాళీ చేసి, అంబత్తూరు అవతల కొత్త లేఅవుట్లో సొంతిల్లు కట్టుకున్నాము. ఇల్లు బాగుండాది, గాలి బాగుండాది, బస్సే లేదు. మెయిన్ రోడ్డు దాకా నడవాల. వానొస్తే చెప్పులు చేత్తో పట్టుకుని, ఆఫీసుకొచ్చి కాళ్ళు కడుక్కుని సీట్లో కూర్చోవాల. మా అత్తకి మోకాళ్ళ నొప్పి. ఆమె ఈడికొచ్చినప్పట్నుంచీ గుడి మొహమే చూడలేదు. "బస్సొస్తే మొదట నన్ను గుడికాడ దింపాల మే" అని ఒకటే పాట. అందుకని కాలనీలో నలుగుర్ని పోగేసి బస్సు ఆఫీసు చుట్టూ తిరిగినా. ఆడ వాచ్‌మన్ నన్ను చూడంగానే కుర్చీ వేసే దాకా వచ్చింది సంగతి.

ఆఖరికి పోయిన వారం ఆఫీసరు దిగొచ్చినాడు. "మినీ బస్సు ట్రయల్ వేస్తామమ్మా. మొదటి రోజు మా మనిషొకడు బస్సులోనే ఉండి, ఏ స్టాపులో ఎంతమంది ఎక్కినారో రాసుకుంటాడు. జనం ఎక్కకుంటే బస్సు ఉండదు" అన్నాడు.

"ఎక్కకపోవడమేంది సార్, మా కాలనీ మొత్తం ఎక్కతాది" అని ఛాతీ కొట్టుకుని వచ్చినా.

మొన్న సోమవారం మా వీధి చివర స్టాపు దగ్గర పండగే అనుకోండి. బస్సుకి పూలదండ, చక్రాల కింద నిమ్మకాయలు, కర్పూరం, కుంకుమ నింపిన బూడిద గుమ్మడికాయ. కొత్త బస్సు కదా, దిష్టి తీయకుండా ఎట్లా పంపిస్తాం? మా ఆయన కొత్త పంచె, నేను పట్టుచీర. ఆ రోజు ఆఫీసులో "బర్త్‌డేనా" అని మీరు అడిగింది ఆ చీర చూసే.

బస్సు సరిగ్గా చెప్పిన టయానికి వచ్చింది. మేము ఎదురుచూడంది అదే. దండ వేసినాము, హారతి ఇచ్చినాము. గుమ్మడికాయ పట్టుకుని బస్సు చుట్టూ మూడు సార్లు తిరిగినా. కండక్టరు డోరులో నిలబడి, ఎక్కమని అరవంలో "ఏరుంగమ్మా, ఏరుంగ" అని పిలుస్తానే ఉన్నాడు. ఎక్కతాము లే నాయనా, ఎక్కేదానికే కదా ఇదంతా, అనుకున్నా. గుమ్మడికాయ రోడ్డు పక్కన ఠపీమని పగలగొట్టినా.

అప్పుడు మా మేడ మీద అద్దెకుండే శేఖర్, గుంటూరబ్బాయి, ఐటీలో పని, ఫోను పైకెత్తి "ఆంటీ, అందరూ ఇటు తిరగండి. బస్సు వెనకాల కనబడాలి" అన్నాడు. తిరిగినాము. పొట్టివాళ్ళు ముందరికి, పొడుగువాళ్ళు వెనక్కి. పక్కింటి రమణి అక్క జడ ముందుకేసుకునింది. వెనకాల కండక్టరు గొంతు "పోలాం, రైట్" అని వినబడింది. విజిలు కూడా వినబడింది. ఫోటోలో ఉన్నాము కదా, ఎవురూ తల తిప్పలేదు.

ఆ ఫోటోలు నా ఫోనులో ఉండాయి, చూపిస్తా. మొదటి దాంట్లో మేమూ, బస్సూ. రెండో దాంట్లో మేమూ, సగం బస్సూ. మూడో దాంట్లో మేమూ, గుమ్మడికాయా.

తిరిగి చూస్తే బస్సు లేదు. రాసుకునే మనిషి బస్సులో, మేమంతా రోడ్డు మీద. సున్నా రాసుకుంటాడు, రేపట్నుంచి బస్సుండదు. ఇన్నాళ్ళు తిరిగిందంతా గంగలో కలిసింది. ఆ పైన మా ఆయన చుట్టూ చూసి "అమ్మేది?" అన్నాడు.

రమణి అక్క నోటి మీద చెయ్యి పెట్టుకునింది. "బస్సు రాంగానే ఎక్కి కిటికీ పక్కన కూర్చునింది కదా."

"బండ్లు తీయండి" అని అరిచినా. బస్సు చెరువు చుట్టూ తిరిగి పోవాల, మాకు గ్రౌండులో అడ్డదారి ఉండాది. స్కూటర్లు, బైకులు, ఒక ఆటో. మా ఆయన పంచె ఎగ్గట్టి తోలతా ఉంటే, వెనకాల నేను హారతి పళ్ళెంతో. పళ్ళెం ఏడన్నా పెట్టేసి పోదామని తోచనే లేదండీ.

తర్వాత స్టాపుకి బస్సుకంటే ముందే చేరినాము. ఆ స్టాపు ఏందంటే, శ్మశానం గేటు. ఆడ ఇంకేమీ లేదు. ఇంతమందిమి పూలతో, కర్పూరంతో నిలబడితే, గేటుకాడ ఉండే పెద్దాయన లేచొచ్చి, తువ్వాలు చంకలో పెట్టుకుని, "ఎవురమ్మా పోయింది?" అని మెల్లిగా అడిగినాడు.

"బస్సు" అన్నా.

అంతలో బస్సొచ్చింది. ఒకర్నొకరు తోసుకుని ఎక్కినాము, ఫుట్‌బోర్డు దాకా నిండిపోయింది. మా అత్త నన్ను కిందా పైనా చూసి, "ఏందిమే, ఇంటి ముందర వదిలేసి ఈడికొచ్చి ఎక్కతా ఉండారు?" అనింది. రాసుకునే మనిషి మొహం వెలిగిపోయింది. నాకైతే కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి, గెలిచినాము అనుకున్నా. అత్తని గుడికాడ దింపి, అట్నే ఆఫీసుకొచ్చేసినా.

నిన్న ఆఫీసరు ఫోన్ చేసినాడు. "మంచి వార్తమ్మా, బస్సు పర్మనెంట్ అయింది. కానీ మీ కాలనీ స్టాపులో ఒకే ఒక్క పెద్దామె ఎక్కింది. జనమంతా శ్మశానం స్టాపులోనే. అందుకని బస్సు ఇంక మీ వీధిలోకి రాదు, ఆడ్నుంచే బయల్దేరతాది."

"సార్, ఆ జనమంతా మా కాలనీవాళ్ళే."

"ఏడ ఎక్కినారో చూస్తామమ్మా, ఏడుంటారో చూడము" అని పెట్టేసినాడు.

మళ్ళా బస్సు ఆఫీసు చుట్టూ తిరగాల, నా కుర్చీ ఆడ ఉండనే ఉండాది. అందాక టిఫిన్ బాక్సు సర్దుకుని పొద్దున్నే శ్మశానానికి పోవడమే నా గతి. ఈ పొద్దు బయల్దేరతా, "ఎంత ముచ్చటగా చేసినాము అత్తా, బస్సు పోయి పోయి శ్మశానంలో చేరిందే" అని వాపోయినా.

మా అత్త కాఫీ లోటా పక్కన పెట్టింది. "దండేసి, కర్పూరం వెలిగించి, చుట్టూ మూడు సార్లు తిరిగినావు. ఇంకేడికి పోతాది మే అది?"

నేను టిఫిన్ బాక్సు తీసుకుని, శ్మశానం స్టాపు దాకా మా ఆయన వెనకాల స్కూటరెక్కినా.