పారిపోయాడని రాసిన మనిషి

మా చిన్నబాపు పోయాడని ఇంటికి ఫోన్ చేసి చెప్పింది నేనే. అవతల చిన్నమ్మ, "నువ్వు జూసినవా బిడ్డా? నీ కండ్లతోని జూసినవా?" అని అడిగింది. చూశానన్నాను. అప్పుడు ఏడ్చింది. ఇది రాసేనాటికి ఆయన ఇంకా జెద్దాలో మార్చురీలోనే ఉన్నాడు. ఇంటికి పంపే కాగితాలకు ఒక మాట అడ్డం పడింది.

చిన్నబాపు మా నాన్నకు తమ్ముడు. మాది జగిత్యాల దిక్కు పల్లె. మా ఇంట్లో ఆడవాళ్లందరూ బీడీలు చుట్టినవాళ్లే. నాకు పదేళ్లు వచ్చాక నా ముందు కూడా బీడీల చాట పెట్టారు. సెలవు మీద వచ్చి ఉన్న చిన్నబాపు ఆ చాట తీసి అటక మీద పెట్టాడు. "ఇది సదువుకుంటది. మీరు సుట్టుకోండ్రి," అన్నాడు. ఆయన బడి మొహం చూసినవాడు కాదు. నేను నర్సింగ్ చదివి జెద్దాలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేరిన రోజు అందరికంటే ముందు ఆయనే ఫోన్ చేశాడు. "ఇగ నాకు జరమొస్తె బుగులు లేదు," అని నవ్వాడు.

ఆయన పని జెద్దాకు రెండు గంటల దూరంలో, సముద్రం ఒడ్డున ఉన్న పాత కరెంటు స్టేషన్‌లో. హెల్పర్‌గా చేరి ఫిట్టరయ్యాడు. పంతొమ్మిదేళ్లు అక్కడే. కొత్త స్టేషన్లు వచ్చాక దాన్ని మూసేశారు. అప్పటికే, స్థానికులకు తగినన్ని ఉద్యోగాలివ్వలేదని ఆయన కంపెనీ నితాకత్ లెక్కలో రెడ్‌లో పడింది. మనిషి మనిషికీ సర్కారుకు కట్టాల్సిన లెవీ కట్టలేక ఇకామాలు, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కార్డులు, రెన్యువల్ చేయడం ఆపేసింది. కార్డు లేనివాళ్లు జరిమానా లేకుండా ఇంటికి పోవచ్చని సర్కారు క్షమాభిక్ష పెట్టినప్పుడు తోటివాళ్లు వెళ్లిపోయారు. చిన్నబాపును మాత్రం మేనేజర్ ఆపాడు. సామాన్లు అప్పగించేదాకా కాపలా ఉండు, ఆ తర్వాత ఫైనల్ ఎగ్జిట్ కొట్టించి ఇంటికి పంపుతామన్నాడు. ఆయన నమ్మాడు. మేనేజర్ ఫోన్ ఎత్తడం మానేశాక కూడా నమ్మాడు.

ఒకరోజు ఎందుకో అనుమానం వచ్చి ఆయన ఇకామా నంబర్ వెబ్‌సైట్‌లో కొట్టి చూశాను. హురూబ్ అని వచ్చింది. పని వదిలి పారిపోయాడని కంపెనీయే రాయించింది. అలా రాయిస్తే ఇక ఆయన లెవీ వాళ్ల మీద పడదు. వెంటనే ఫోన్ చేశాను.

"నేను పారిపోయిన్నా?" అన్నాడు. "మరి ఈడ రొట్టెలు కాలుస్తున్నదెవడే?"

"నవ్వకు చిన్నబాపూ. బయట దొరికితె జైల్ల వేస్తరు."

"యాడికి పోత నేను? గా రాసినోణ్ని ఒక్కపారి వచ్చి సూడుమను. చాయ్ వోస్త."

జెద్దాలో కార్మికుల కాగితాలు చూసిపెట్టే తెలుగు పెద్దాయన ఒకరున్నారు. ఆయన్ని కలిశాను. మనిషి పని చోటనే ఉన్నాడని చూపించగలిగితే హురూబ్ కొట్టేయమని అడగవచ్చని, ఫొటోలు తెమ్మని చెప్పారు. చిన్నబాపుకు వారం వారం బియ్యం, కూరగాయలు చేరవేసే ఆర్మూరు పెయింటరన్న పికప్‌లో ఆ శుక్రవారమే వెళ్లాను.

అలాంటి చోటు నేనెప్పుడూ చూడలేదు. లోపల హాలు తలెత్తితే మెడ నొప్పి పుట్టేంత ఎత్తు. కప్పు రేకులు అక్కడక్కడా లేచిపోయి ఎండ పలకలు పలకలుగా కింద పడుతోంది. నాలుగు టర్బైన్లు వరుసగా, ఒక్కొక్కటీ మా ఊళ్లో ఇల్లంత ఉన్నాయి. ఉప్పుగాలికి పైపులు పొరలు పొరలుగా ఊడుతున్నాయి. కంట్రోల్ రూమ్‌లో గోడ నిండా మీటర్లు, అన్ని ముళ్లూ సున్నా మీద. పెద్ద పెద్ద అతిథుల ఫొటోలు వేలాడిన చోట గోడ మీద తెల్లటి చతురస్రాలు మిగిలాయి.

చిన్నబాపు హాల్లోకి వచ్చేముందు చెప్పులు విడిచాడు. స్టేషన్ నడిచిన రోజుల్లో ఆ నేల అద్దంలా ఉండేదట. దాటిన ప్రతి మిషన్ మీదా అరచెయ్యి వేసి ఒక్క క్షణం ఆగేవాడు. "నడిసేటప్పుడు దీని పక్కన నిలవడితె పండ్లు వణికేటియి బిడ్డా. గిప్పుడు గువ్వలు గుడ్లు వెడుతున్నయ్," అన్నాడు.

ఆ రోజు ఆయన తలకు నూనె రాసి దువ్వుకున్నాడు. పరుపు కింద మడత పెట్టి ఉంచిన చొక్కా తొడుక్కున్నాడు. పెయింటరన్న ఆటపట్టించాడు. "చూడు చెల్లె, పెండ్లికొడుకు లెక్క తయారైండు!" నేనూ నవ్వాను. ఎందుకు తయారయ్యాడో ఆలోచించలేదు.

హాలు చూడగానే నాకు ఇంకేదీ కనబడలేదు. మంచి ఫోన్ చేతిలో ఉంది. "చిన్నబాపూ, జర పక్కకు జరుగు, అడ్డమొస్తున్నవ్." ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. అన్న ప్రతిసారీ జరిగాడు. "మా డాక్టరమ్మ ఫొటో దీస్తున్నది, జరుగుండ్రి," అని గువ్వలను కూడా అదిలించాడు. బాయిలర్ కింద చీకట్లో నా కోసం టార్చి పట్టుకున్నాడు. పేరు పలకల మీద దుమ్మును ఆ ఇస్త్రీ మడత చొక్కా కొసతోనే తుడిచాడు.

జెద్దాలో నా గదికి వచ్చి మంచివి ఏరాను. ఆయన మోచెయ్యో భుజమో పడినవాటిని కత్తిరించి సరిచేశాను. కదిలినవి చెరిపేశాను. నలభై ఫొటోలు పెద్దాయనకు పంపి, చదువుకున్నందుకు ఒక పని సరిగ్గా చేశాననుకున్నాను.

పెద్దాయన ఫోన్ చేశారు. "ఫొటోలు చాలా బాగున్నాయమ్మా. పుస్తకంలో వేసుకోవచ్చు. మరి మనిషేడీ?"

కత్తిరించిన ఫొటోలు మళ్లీ పూర్తిగా తెరిచి చూశాను. ఒకదాంట్లో మోచెయ్యి. ఒకదాంట్లో టార్చి పట్టిన వేళ్లు. ఒకదాని అంచున, మాసిన నేల మీద ఆయన పాదాలు. ఉబ్బి, చర్మం నిగనిగలాడుతూ. రోజూ రోగుల పాదాలు నొక్కి చూసేదాన్ని నేను. ఆయన ముందే నిలబడి రెండు గంటలు టర్బైన్లు చూశాను.

"చిన్నబాపూ, కాళ్లు వాచినయా?"

"నిలవడితె వాస్తయ్ గదనే."

"పండుకుంటె ఆయాసమొస్తున్నదా?"

"తల కింద రెండు మెత్తలేసుకుంటున్న," అన్నాడు.

గుండె జబ్బని నాకు అర్థమైంది. వెంటనే రమ్మని బతిమాలాను, ఇకామా లేకున్నా చేర్చుకొమ్మని క్యాజువాలిటీలో కాళ్లావేళ్లా పడతానన్నాను. ఆయన వినలేదు. "తొవ్వల చెక్‌పోస్టుంటది. పట్టుకుంటె పారిపోయినోడు దొరికిండంటరు. గా మాట ముందు తీపియ్యి బిడ్డా. నడుసుకుంట వస్త నీ ఆస్పత్రికి."

"శుక్రవారం మందులు తెస్త. ఈసారి నిన్నొక్కణ్నే ఫొటో దీస్త."

"నన్నొక్కణ్ని ఏం జూస్తరే? మిషిన్‌తోని దియ్యి."

శుక్రవారం పొద్దున్నే వెళ్లాం. గేటు తెరుచుకోలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. పెయింటరన్న హారన్ కొట్టి కొట్టి, చివరకు పోలీసులకు ఫోన్ చేశాడు. వాళ్లు గేటు సందులోంచి కట్టర్ దూర్చి గొలుసు తెంపారు. చిన్నబాపు కంట్రోల్ రూమ్‌లో, మీటర్ల గోడకు రెండు మెత్తలు ఆనించుకుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. నాడి చూశాను. చెయ్యి చల్లగా ఉంది.

పోలీసు ఇకామా నంబర్ తన ఫోన్‌లో కొట్టి పక్కవాడితో ఒకే మాట అన్నాడు. "హురూబ్."

నేను బయటికి పరుగెత్తాను. తెగిన గొలుసు పట్టుకుని ఆ పోలీసును పిలిచాను. తాళం దానికే ఉంది, గేటు లోపలి వైపు. తాళంచెవి ఇంకా చిన్నబాపు జేబులోనే ఉంది. "జువ్వా," అన్నాను. రోగులతో రోజూ అనే మాట, లోపల అని. "జువ్వా, జువ్వా." లోపల తాళం వేసుకున్నవాడు పారిపోయినవాడెలా అవుతాడని అడగడానికి నాకు అరబీలో మాటలు రాలేదు.

పోలీసు వచ్చి తాళం చేతిలోకి తీసుకున్నాడు. గేటు బయటి వైపు వెళ్లి చూశాడు, మళ్లీ లోపలికి వచ్చాడు. నన్ను ఒకసారి చూసి, చేతిలోని కాగితం మీద ఏదో రాశాడు. రోగులతో మాట్లాడేంత అరబీ వచ్చు గానీ చదవడం రాదు. ఆ రిపోర్టు కోసం పెద్దాయన ఇప్పటికీ తిరుగుతున్నారు.

అంబులెన్స్ వెళ్లిపోయింది. సముద్రపు గాలికి గొలుసు ఊగుతూ లోపలి వైపు నుంచి గేటు రేకుకు కొట్టుకుంటోంది. పెయింటరన్న దాన్ని చేత్తో పట్టుకుని ఆపాడు. వదలగానే మళ్లీ కొట్టుకుంది.